బుల్లెట్ మిక్సీ: ఎనిమిది నెలలు తాగి, ఒకసారి విప్పి చూశాక

ముందు నా పళ్ల సంగతి చెప్పాలి. లేకపోతే 33 ఏళ్లు ఆర్టీసీ డిపోలో బస్సుల కింద పడుకుని గ్రీజు పూసుకున్న మెకానిక్‌కి పొద్దున్నే పాలకూర, బొప్పాయి కలిపి తాగే బుద్ధి ఎందుకు పుట్టిందో మీకు అర్థం కాదు.

పోయిన వేసవిలో నాకు ఆరు దవడ పళ్లు తీసేశారు. చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు పెడతాం, మూడు నెలలు ఆగమన్నారు. అదే నెలలో ఇంకో డాక్టరు నా రిపోర్టు చూసి, షుగర్ అంచు మీద ఉంది, అన్నం తగ్గించి కూరగాయలు పెంచు అన్నాడు. ఒకాయన నమలొద్దంటాడు, ఇంకొకాయన నమలమంటాడు. పుణెలో ఉన్న మా అమ్మాయి ఈ గోలంతా ఫోన్లో విని, వారం తిరక్కుండా ఒక డబ్బా పంపించింది. డబ్బాతో పాటు ఒక హెచ్చరిక కూడా: "డాడీ, దీన్ని మాత్రం విప్పకు. వారంటీ పోతుంది."

బుల్లెట్ మిక్సీ అంటారే, అదే. కంపెనీ పేరు రాయను. కింద చెప్పబోయే గొడవ ఒకటి ఉంది, దాని మీద వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. 400 వాట్ల మోటారు, అరలీటరు గ్లాసు ఒకటి, చట్నీకి చిన్న గ్లాసు ఒకటి, నాలుగు రెక్కల బ్లేడు, రెండు రెక్కల బ్లేడు. మా అమ్మాయి కట్టింది 2,199 రూపాయలు. గ్లాసులో వేయాల్సినవి వేసి, బ్లేడున్న మూత బిగించి, తలకిందులు చేసి మోటారు మీద పెట్టి, నొక్కి తిప్పాలి. చెయ్యి తీస్తే ఆగుతుంది. కొన్నింటికి తిప్పి వదిలేస్తే అలాగే నిలబడే గాడి ఉంటుంది. దీనికీ ఉంది, నేను వాడను. చెయ్యి మీద ఉంటే మోటారు వణుకు తెలుస్తుంది, ఎప్పుడు ఆపాలో అదే చెబుతుంది.

మొదటి రోజు ఘోరం. గ్లాసులో నీళ్లు పోసి, అరటిపండు, బొప్పాయి వేసి, చివర పైన క్యారెట్ ముక్కలు పేర్చాను. మామూలు మిక్సీలో అయితే అదే పద్ధతి. బోర్లించి నొక్కగానే "గుర్ర్" మని ఒక్క అరుపు, కాలిన వాసన. తీసి చూస్తే క్యారెట్ ముక్క బ్లేడు కింద ఇరుక్కుని ఉంది. అప్పుడు వెలిగింది. ఈ గ్లాసు బోర్ల పడుతుంది కాబట్టి చివర వేసిందే బ్లేడు దగ్గరికి పోతుంది. మోటారు కదిలే ముందే గట్టి సరుకు దాని నెత్తిన పడేశానన్నమాట. లోడు బస్సుని మూడో గేర్లో లేపినట్టు.

ఆ తర్వాత వరుస మార్చాను. అడుగున క్యారెట్, బీట్‌రూట్ లాంటి గట్టివి. వాటి మీద ఆకులు. ఆ పైన కీర, బొప్పాయి, అరటి. ఆఖర్న నీళ్లో మజ్జిగో. బోర్లించేసరికి మెత్తనివి, నీళ్లు బ్లేడు చుట్టూ చేరి సుడి మొదలవుతుంది, గట్టివి పైనుంచి ఆ సుడిలోకి ఒక్కొక్కటే దిగుతాయి. డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకంలో ఈ మాట లేదు. "గీత దాటి నింపకండి, నిమిషానికి మించి తిప్పకండి" అని రెండు ముక్కలు, మిగతాదంతా నవ్వుతున్న కుటుంబం ఫోటోలు.

ఒక్కోసారి మోటారు తేలిగ్గా, సన్నగా అరుస్తూ తిరుగుతుంది, లోపల మాత్రం ఏదీ కదలదు. బ్లేడు చుట్టూ గాలి బుడగ పట్టిందని అర్థం. డీజిల్ లైన్లో ఎయిర్ పట్టినప్పుడు ఇంజిన్ స్టార్టు కాదు చూడండి, ఆ బాపతే. అక్కడైతే పంపు కొట్టి గాలి వదిలించాలి, ఇక్కడ గ్లాసు తీసి నాలుగు ఊపులు ఊపితే చాలు, లేదా రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోయాలి. గాలి పట్టినప్పుడు అలాగే నొక్కి పట్టుకుంటే లాభం లేదు, మోటారు వేడెక్కడం తప్ప.

పెట్టె మీద నిమిషానికి 20,000 పైచిలుకు చుట్లు అని రాశారు. నేను పనిచేసిన లేలాండ్ ఇంజిన్లు రెండు వేల చిల్లర తిరిగితే గొప్ప. అంత వేగం ఉంది కాబట్టే పాలకూర పీచు కనబడకుండా పోతుంది, అందుకే చప్పుడు కూడా. హైదరాబాదు లాలాపేటలో మాది రెండో అంతస్తు. పైనున్న కుర్రాడు నైట్ డ్యూటీ చేసి నాలుగింటికి వచ్చి పడుకుంటాడు. వారం ఓర్చుకుని మెట్ల మీద పట్టుకున్నాడు: "అంకుల్, పొద్దున అయిదున్నరకి డ్రిల్లింగ్ పని ఏంది?" పాత బాత్ టవల్ కింద వేశాను, కొంత తగ్గింది. టైము కూడా ఏడుకి మార్చాను. టవల్ వేసేవాళ్లు ఒకటి చూసుకోండి, మోటారు అడుగున గాలి రంధ్రాలు ఉంటాయి, వాటిని మూయకూడదు. నేను కాళ్ల వరకే వచ్చేలా టవల్ని చుట్ట చుట్టి పెట్టాను.

ఇంట్లో 750 వాట్ల మిక్సీ ఉండగా ఇదెందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మా మిక్సీ జారు లీటరున్నర. అందులో ఒక్క మనిషికి సరిపడా వేస్తే సగం గోడలకి ఎగిరి అతుక్కుంటుంది, సగం బ్లేడు కింద ఉండిపోతుంది. పైగా నిన్నటి అల్లం వెల్లుల్లి వాసన ఆ జారు మూతలో శాశ్వతంగా కాపురం ఉంటుంది. ఒకరికో ఇద్దరికో అయితే బుల్లెట్ నయం. నలుగురు తాగే ఇల్లయితే కొనకండి. నాలుగుసార్లు నింపి, మధ్యలో మోటారు చల్లారే దాకా కాచుకుని కూర్చోవాలి.

ఇక లోపల ఏం వేయాలన్నది. మొదటి నెల నేను చేసింది తప్పని తర్వాత తెలిసింది. రెండు అరటిపళ్లు, మామిడి చెంప ఒకటి, కాస్త బొప్పాయి, పేరుకి నాలుగు పాలకూర ఆకులు. రంగు పచ్చగా ఉంది కాబట్టి కూరగాయలు తాగుతున్నానని సంబరం. మా ఇంటికి దగ్గరే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన ఊరికి వచ్చింది. ఆ గేటు ముందు ఆగిపోయిన బస్సుల కింద ఎన్నిసార్లు దూరానో లెక్కలేదు, లోపల ఏం చేస్తారో ఏనాడూ పట్టించుకోలేదు. వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకి 2,000 క్యాలరీలు తినే మనిషి పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని ఉంది. మా అమ్మాయి అది పంపి, "నీ గ్లాసు తూకం వేసి చూడు డాడీ" అంది. వేశాను. నాది సరిగ్గా తిరగేసిన లెక్క.

ఇప్పుడు నా గ్లాసు ఇలా ఉంటుంది. కీర 100 గ్రాములు, ఉడికించి చల్లార్చిన క్యారెట్ 50, పాలకూర గుప్పెడు, బొప్పాయి 60 గ్రాములు, అల్లం ముక్క గోరంత, పుదీనా ఆరేడు ఆకులు, ఉప్పు చిటికెడు, మిరియాల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్లు. తిప్పడం అయ్యాక సగం నిమ్మకాయ పిండుతాను. పాలకూరలో ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే నిమ్మ తోడుండాలి. మొదటిసారి చూసి మా ఆవిడ, "ఏందిది, గోడకేసే డిస్టెంపర్ లెక్కుంది" అంది. రంగు సంగతి ఒప్పుకుంటాను. క్యారెట్ ఎరుపు, ఆకు పచ్చ కలిస్తే బురద రంగు వస్తుంది. చూడ్డానికి బాగుండాలంటే బీట్‌రూట్, మజ్జిగ కలిపితే గులాబీ రంగు, లేదంటే ఆకు, కీర, జామ కలిపి ఒక్క పచ్చ రంగే. బీట్‌రూట్ తాగిన రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దు. నేను పడ్డాను, ఆర్టీసీ ఆస్పత్రికి బయల్దేరి మెట్రో స్టేషన్ దగ్గర్నుంచి వెనక్కి వచ్చాను.

పచ్చి క్యారెట్ ఈ 400 వాట్లకి లొంగదు. తురిమి వేసినా ఇసుకలా పంటి కింద తగులుతుంది, నాకైతే చిగుళ్ల మీద. ఉడికించి వేయడమే. అక్కడ కూడా ఒకసారి దెబ్బతిన్నాను. కుక్కర్లోంచి తీసిన క్యారెట్ వేడివేడిగా వేసి తిప్పాను. ఈ గ్లాసుకి గాలి పోయే దారి లేదు, అన్ని వైపులా మూత. లోపల ఆవిరి పట్టి, మూత తిప్పుతుంటేనే బుస్సుమని గోడ మీద, నా బనియన్ మీద చిమ్మింది. చేతికి కాలలేదు, అదృష్టం. రేడియేటర్ మూత వేడి మీద తీయొద్దని 30 ఏళ్లు హెల్పర్లకి చెప్పినవాణ్ని. ఆ రోజు మా ఆవిడ ఏమీ అనలేదు, గోడ తుడిచే గుడ్డ మాత్రం నా చేతికిచ్చింది.

బొప్పాయిలో పాలు పోసేవాళ్లు చేసిన వెంటనే తాగేయండి. సగం తాగి సగం ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి చేదు విషం. బొప్పాయిలో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే గుణం ఉంది, అది పాలని కూడా వదలదు. మన హైదరాబాదులో కబాబులకి మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి పట్టించేది అందుకే. పండులో ఆ గుణం తక్కువే, అయినా నాలుగ్గంటలు దొరికితే పని కానిస్తుంది.

జామ గింజలు మెదగవు. వడకడితే పీచంతా జల్లెడలోనే పోతుంది, ఇక మిషను ఎందుకు, బండి మీద జ్యూసే తాగొచ్చు. మధ్య గుజ్జు చెంచాతో తీసేసి అంచు వేస్తాను. సీతాఫలం మాత్రం జాగ్రత్త. సీతాఫల్‌మండి పక్కన ఉంటూ సీజన్లో ఒక్క గ్లాసైనా చేయకుండా ఎలా, చేశాను. గింజలు ఒక్కొక్కటీ వేలితో తడిమి తీసి చేశాను. ఆ గింజ మంచిది కాదు, పూర్వం తలలో పేలకి నూరి పెట్టేవాళ్లు, కంట్లో పడితే కన్ను పాడవుతుంది. నాలుగు రెక్కల బ్లేడు కింద అది నలిగితే గ్లాసంతా పారబోయాల్సిందే. రుచి గురించి అడిగితే, అంత తీపి పండుని తాగడం దండగ. చెంచాతో తినే సుఖం దానిలో లేదు.

ఇంకొకటి, ఇది నవ్వులాటకి కాదు. సొరకాయ, అదే మా ఇంట్లో ఆనిగెపుకాయ, పచ్చిది రసం తీసి తాగే అలవాటు చాలామందికి ఉంది. గ్లాసులో వేసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి కాయంతా పారేయండి. ఆ చేదు రసం తాగి రక్తపు వాంతులు అయినవాళ్లు, చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఒంటికి మంచిదే కదా చేదు అని కళ్లు మూసుకుని గుటకేయడం వల్లే ప్రమాదం. మామూలుగా కూర వండితే ఉప్పు చూసేటప్పుడైనా తెలుస్తుంది. ఇక్కడ అరటిపండు, తేనె కలిపేస్తే చేదు దాక్కుంటుంది. కీరకి కూడా కొస రుచి చూసే వేస్తాను. పాలకూర గురించి కూడా ఒక మాట. మా డిపోలో కిడ్నీ రాళ్లు లేని డ్రైవరు తక్కువ. ఎండలో ఇంజిన్ పక్కన కూర్చుని, మధ్యలో దిగే వీల్లేక నీళ్లు మానేసే బతుకు. అలాంటివాళ్లు రోజూ పచ్చి పాలకూర తాగొద్దు, బీట్‌రూటూ అంతే. రాయి కట్టే సరుకు ఆ రెండింట్లో ఎక్కువ. నేను కూడా పాలకూర వారానికి మూడు రోజులే వేస్తాను, మిగతా రోజులు కొత్తిమీర, పుదీనా.

ఇప్పుడు గొడవ. రెండో నెల చివర్లో గ్లాసు తీసినప్పుడల్లా మోటారు నెత్తి మీద నీళ్ల చుక్కలు కనిపించసాగాయి. కంపెనీకి ఫోన్ చేస్తే మిషను మాట్లాడింది, ఒకటి నొక్కు, మూడు నొక్కు. మనిషి దొరికాక వీడియో తీసి పంపమన్నాడు. పంపాను. రెండు రోజులకి జవాబు: బ్లేడు సెట్టు అరిగే సామాను కిందికి వస్తుంది, వారంటీ వర్తించదు, కొత్తది 549 రూపాయలు. ఏం పాడైందో చూడకుండా మొత్తం సెట్టు మార్చమనే మెకానిక్‌ని మా డిపోలో మేము మెకానిక్ అనేవాళ్లం కాదు.

నేనే చూశాను. గ్లాసునిండా నీళ్లు పోసి, బ్లేడు మూత బిగించి, న్యూస్‌పేపర్ మీద పది నిమిషాలు బోర్లించాను. తడి మధ్యలో చుక్కలా వస్తే బ్లేడు ఇరుసు దగ్గర సీలు పోయిందని, అప్పుడు సెట్టు మార్చాల్సిందే. అంచు వెంబడి గుండ్రంగా వస్తే రబ్బరు రింగు పోయిందని. నాకు వచ్చింది గుండ్రం. రింగు బయటికి తీశాను. సాగి వదులైంది, కింద నల్లటి బూజు. ఎనిమిది వారాలుగా రింగు తీయకుండా పైపైన కడిగి, రోజూ ఆ బూజు మీదుగా తాగుతున్నానన్నమాట. తప్పు సగం నాది.

పాత రింగు జేబులో వేసుకుని రాణిగంజ్ వెళ్లాను. మొదటి షాపువాడు నల్ల రింగు తీశాడు, సైజు సరిపోయింది, పదిహేను రూపాయలు. వద్దన్నాను. అది పంపులకీ పైపులకీ వాడే రబ్బరు, నోట్లోకి పోయే దానికి పెట్టేది కాదు. నాలుగో షాపులో మిక్సీ, కుక్కర్ సామాన్లు అమ్మే ముసలాయన తెల్ల సిలికాన్ రింగు ఇచ్చాడు, 40 రూపాయలు. రెండు తీసుకున్నా. ఆరు నెలలైంది, మళ్లీ చుక్క కారలేదు. రెండో రింగు సూదీ దారం డబ్బాలో ఉంది.

అప్పట్నుంచి రోజూ రింగు తీసే కడుగుతున్నాను, మా ఆవిడ జడపిన్నుతో. గ్లాసులో నీళ్లు, ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి పది సెకన్లు తిప్పితే బ్లేడు దానంతటదే శుభ్రం. వేలు పెట్టి తోమొద్దు. క్యారెట్ పట్టి గ్లాసు నారింజ రంగుకి తిరుగుతుంది, సబ్బుకి పోదు. వంటనూనె నాలుగు చుక్కలు రాసి, గుడ్డతో రుద్ది, తర్వాత సబ్బు పెడితే పోతుంది. క్యారెట్ రంగు నూనెకే కరుగుతుంది.

కరెంటు ఎంత తాగుతుందని అడిగేవాళ్లకి: 400 వాట్లు, రోజుకి ఒక నిమిషం. 150 రోజులు తిప్పితే ఒక యూనిట్. ఆ లెక్క మర్చిపోండి.

మరి విప్పొద్దన్న మా అమ్మాయి మాట? ఆర్నెల్లు ఆగాను. పోయిన నెల అడుగున నాలుగు స్క్రూలు తీసి లోపల చూశాను. కార్బన్ బ్రష్‌లు సగానికి పైగా ఉన్నాయి, తీగ చుట్టల మీద మాడిన గుర్తు లేదు. మోటారు మీద నాకు ఫిర్యాదు లేదు. మోటారుకీ బ్లేడుకీ మధ్య పళ్ల చక్రం మాత్రం ప్లాస్టిక్. రెండు పళ్లు అప్పుడే గుండ్రబడ్డాయి, మొదటి రోజు క్యారెట్ చేసిన పనే అయ్యుంటుంది. అవి పూర్తిగా అరిగితే బ్లేడు ఆగి మోటారు ఒక్కటే తిరుగుతుంది. ఆ చక్రం విడిగా అమ్మకపోవడం పెద్ద లోపం, అందుకే అయిదుకి మూడున్నర మార్కులు.

కట్టుడు పళ్లు వచ్చి నాలుగు నెలలైంది. గ్లాసు మానలేదు, పచ్చి జామ కొరకడానికి ఇంకా ధైర్యం చాలట్లేదు. చిన్న గ్లాసు మా ఆవిడ పల్లీ చట్నీకి పట్టేసుకుంది. నా పుదీనా వాసన తన చట్నీలోకి రాకుండా దాని అడుగున నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకుంది.

కొనేవాళ్లు డబ్బా విప్పిన రోజే ఆ న్యూస్‌పేపర్ పరీక్ష చేయండి. నీళ్లు నింపి బోర్లించి, పది నిమిషాలు. తడి కనిపిస్తే వాపసు గడువు దాటకముందే పంపేయండి. కాగితం పొడిగా ఉంటే డబ్బా బిల్లు తీసి దాచుకుని, అడుగున క్యారెట్, ఆఖర్న నీళ్లు పోసి మొదలుపెట్టండి.